హస్తినాపురం దిబ్బ కింద: ఇతిహాస నగరాల కోసం తవ్వితే నేల ఏం చెబుతుంది

సభకు నమస్కారం.

మన ఊళ్ల పక్కన పాటిదిబ్బలుంటాయి. కొన్ని చోట్ల పాటిగడ్డ అంటారు. ఎండాకాలంలో రైతులు అక్కడి మట్టిని బండ్ల మీద తోలుకెళ్లి పొలాల్లో చల్లుకుంటారు, పాటిమన్నుకు బలం ఎక్కువని. నిజంగానే ఎక్కువ. అది మామూలు మన్ను కాదు. వందల ఏళ్ల పాటు మనుషులు పారబోసిన పొయ్యి బూడిద, పేడ, ఊక, ఎముకలు, కూలిన మట్టిగోడలు అన్నీ కలిసి అలా తయారైంది. మట్టి ఇల్లు కూలితే ఆ మన్నును ఎవరూ ఎత్తి దూరంగా పోయరు, చదును చేసి దాని మీదే కొత్త గోడ లేపుతారు. అలా ప్రతి తరమూ తన తాతల ఇంటి మీద కాపురం పెడుతుంది. ఊరు కాస్త కాస్త పైకి లేస్తుంది. ఒక రోజు ఊరు ఖాళీ అవుతుంది, దిబ్బ మిగులుతుంది.

ఇవాళ మనం మాట్లాడుకోబోయే దిబ్బ ఉత్తరప్రదేశ్‌లో ఉంది. మీరట్ జిల్లా, మవానా తాలూకా, ఢిల్లీకి ఈశాన్యంగా సుమారు 100 కిలోమీటర్లు. దాని పక్కన బూఢీ గంగ అనే పాత నదీపాయ ఉంది. గంగ ఒకప్పుడు అక్కడ పారేది, ఇప్పుడు తూర్పుకు జరిగిపోయింది. ఊరి పేరు హస్తినాపురం. హైదరాబాదులో ఎల్బీనగర్ దగ్గర కూడా ఒక హస్తినాపురం ఉంది కదా, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఈ కాలనీ ముచ్చట ఊరికే ఎత్తలేదు. పేర్లు మనుషులతో పాటు ప్రయాణం చేస్తాయి. ఉత్తరాన మధుర ఉంది, దక్షిణాన మదురై ఉంది. అయోధ్య పేరు థాయిలాండ్‌లో అయుత్థయగా ఉంది. కాబట్టి పేరు కలిసింది కదా అని ఇదే ఆ ఊరు అనేయకూడదు. పేరు మొదటి ఆనవాలు మాత్రమే. వెతుకులాట అక్కడ మొదలవుతుంది.

ఆ దిబ్బను అక్కడి జనం విదుర్ టీలా అంటారు, ఉల్టా ఖేడా అని కూడా అంటారు. ఉల్టా ఖేడా అంటే తలకిందులైన ఊరు. భాగవతం దశమ స్కంధంలో బలరాముడు కౌరవుల మీద కోపంతో హస్తినను నాగలికి తగిలించి గంగలోకి లాగబోయిన కథ మీకు గుర్తుండే ఉంటుంది. ఈనాటికీ ఆ నగరం దక్షిణం వైపు ఎత్తుగా, గంగ వైపు వాలి కనిపిస్తుందని అక్కడే ఒక మాట ఉంది. ఆ మాట రాసినవాళ్లు నది కోసేసిన దిబ్బను కళ్లారా చూసి రాశారని నేను రుజువు చెయ్యలేను. కానీ నది వైపు కోత పడిన దిబ్బ సరిగ్గా అలాగే కనిపిస్తుంది. ఈ సంగతి కాస్త మనసులో పెట్టుకోండి, వరద గురించి చెప్పేటప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాం.

1950 నుంచి 1952 దాకా భారత పురావస్తు సర్వేక్షణ తరఫున బి.బి.లాల్ ఇక్కడ తవ్వారు. 1944లో అప్పటి సర్వేక్షణ అధిపతి మార్టిమర్ వీలర్ తక్షశిలలో నడిపిన తవ్వకాల శిక్షణలో నేర్చుకున్న తరం వారిది. ఆ శిక్షణలో నేర్పిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కొలత ప్రకారం తవ్వకూడదు, పొర ప్రకారం తవ్వాలి. అంతకు ముందు 1920లలో మొహంజొదారోలో ఇన్ని అడుగుల లోతు అని మట్టం పెట్టి, ఆ మట్టంలో దొరికినవన్నీ ఒకే కాలం కింద జమకట్టారు. దిబ్బ మీద నేల ఎప్పుడూ వాలుగానే ఉంటుంది. ఒకే ఇంటి గచ్చు ఒక మూల 2 మీటర్ల లోతున తగిలితే మరో మూల 3 మీటర్ల లోతున తగులుతుంది. లోతునే నమ్ముకుంటే ముత్తాత వస్తువూ మునిమనవడి వస్తువూ ఒకే బుట్టలో పడతాయి.

పని ఎలా జరుగుతుందో చెబుతాను. ఇది తెలియకపోతే తర్వాత చెప్పేదంతా పుకారులా వినిపిస్తుంది.

తవ్వకం మొదలయ్యేది గడ్డపారతో కాదు, నడకతో. వానలు వెలిశాక దిబ్బ అంతా నడిచి పెంకులు ఏరుతారు. వాన మట్టిని కడిగి పెంకుల్ని పైకి తేలుస్తుంది. ఏ రకం పెంకు దిబ్బకు ఏ వైపు ఎక్కువగా ఉందో పటం మీద గుర్తు పెట్టుకుంటే ఊరు ఏ కాలంలో ఎంత మేర పరుచుకుందో ఒక అంచనా వస్తుంది. తర్వాత కదలని గుర్తు ఒకటి పాతుతారు. ప్రతి లోతునూ దాని నుంచే కొలుస్తారు. అప్పుడు మేకులు దిగ్గొట్టి, పురికొసతో గళ్లు వేస్తారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది 10 మీటర్ల చదరపు గడి. దాన్ని మళ్లీ నాలుగు భాగాలు చేసి, భాగాల మధ్య గట్లు వదులుతారు. గట్టును తవ్వరు. గుంత నాలుగు గోడల మీద పొరలు గీతలు గీతలుగా కనిపిస్తాయి. తవ్వేసిన మట్టి మళ్లీ రాదు, గట్టులో మిగిలిన మట్టే మనకు సాక్షి. గట్టు మరీ సన్నంగా వదిలితే రాత్రి మంచుకో వానకో కూలిపోతుంది, సాక్షి పోయినట్టే. మరీ లావుగా వదిలితే గోడ ఎటు తిరిగిందో దాని కింద దాక్కుంటుంది.

గడ్డపార పైన ఉన్న దుక్కి మట్టికే. ఆ తర్వాత చిన్న పికాసి, తాపీ, కత్తి, కుంచె. పొర మారిందని ముందు చేతికి తెలుస్తుంది, తర్వాత కంటికి. తాపీ చప్పుడు మారుతుంది. గచ్చు తగిలితే గట్టిగా మోగుతుంది, బూడిద పొర అయితే మెత్తగా దిగుతుంది. గోడను పై నుంచి కిందికి గీకి, నీళ్లు సన్నగా చిలకరిస్తే పొరల రంగులు విడివిడిగా కనపడతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఏమీ తెలియదు. పొద్దుటి వెలుతురులో, సాయంత్రపు వెలుతురులో చూడాలి.

ఇక్కడ అందరినీ బోల్తా కొట్టించేది గొయ్యి. దాని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. పాతకాలపు ఊళ్లో ప్రతి ఇంటికీ గోతులుంటాయి. ధాన్యం పాతర, చెత్త గొయ్యి, గుంజ పాతిన గుంట. పొరలను పై నుంచి లెక్కపెడతాం. మూడో పొర కాలంలో బతికిన మనిషి ఒక పాతర తవ్వాడనుకోండి. అది నాలుగు, ఐదు, ఆరు పొరలను చీల్చుకుని ఏడో పొరలోకి దిగుతుంది. అతని కాలపు నాణెం ఒకటి ఆ పాతర అడుగున పడుతుంది. మనం తవ్వుతూ పాతర అంచును గమనించకపోతే ఆ నాణెం ఏడో పొరలో దొరికిందని రాస్తాం. ఒక్క నాణెంతో ఆరు వందల ఏళ్లు తేడా వచ్చేస్తుంది. అందుకే గోతి మూతి ఏ పొర నుంచి మొదలైందో ముందు పట్టుకోవాలి, గోతిలోని మట్టిని చుట్టూ ఉన్న పొర కంటే ముందు విడిగా తీసేయాలి. ఎలుక కన్నాలు, చెట్ల వేర్లు కూడా ఇదే పని చేస్తాయి, కాకపోతే చిన్న ఎత్తున. మీరు పత్రికలో ఎప్పుడైనా అబ్బురపరిచే పాత తేదీ చూస్తే, ఆ వస్తువు చెక్కు చెదరని గచ్చు కింద దొరికిందా, గోతిలో దొరికిందా అని మొదట అడగండి.

ప్రతి పొర పెంకులకూ వేరే తట్ట, తట్టలో చీటీ. కడిగి నీడన ఆరబెట్టి, ఒక్కొక్క పెంకు మీద సిరాతో ఊరు, సంవత్సరం, గుంత, పొర రాస్తారు. విసుగు పుట్టించే పని. కానీ ఒక సాయంత్రం రెండు తట్టలు కలిసిపోతే ఆ రెండు పొరల సాక్ష్యం మొత్తం పనికిరాకుండా పోతుంది.

పెంకుల కోసం ఇంత తాపత్రయం ఎందుకు? కుండ తేలిగ్గా పగులుతుంది, పగిలింది ఎవరికీ అక్కర్లేదు, ఎక్కడ పగిలితే అక్కడే ఉంటుంది, మట్టిలో కుళ్లదు. బంగారం, రాగి అలా కాదు, మనుషులు వాటిని వందేళ్లయినా దాచుకుంటారు, కరిగించి మళ్లీ వాడతారు. పైగా కుండ తీరు మారుతూ ఉంటుంది. కాబట్టి పెంకు చూసి కాలం చెప్పొచ్చు.

హస్తినాపురంలో లాల్ ఐదు కాలాలను గుర్తించారు, వీటిని అడుగు నుంచి లెక్కపెట్టారు. అన్నిటికంటే అడుగున కావిరంగు పెంకులు కొద్దిగా దొరికాయి. ముట్టుకుంటే రంగు వేలికి అంటుతుంది. ఇల్లూ వాకిలీ ఏమీ తెలియలేదు. దాని మీద రెండో కాలం, మన కథకు కీలకమైనది. మూడో కాలంలో మెరిసే నల్లటి పాత్రలు, కాల్చిన ఇటుక ఇళ్లు, ముద్రలు కొట్టిన నాణేలు, కాల్చిన మట్టి ఒరలు పేర్చిన గుంటలు ఉన్నాయి. అలాంటి ఒర బావులు మన పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాల్లోనూ బయటపడ్డాయి. ఈ మూడో కాలం ఊరు పెద్ద అగ్నిప్రమాదంలో ముగిసింది. నాలుగో కాలంలో మథుర రాజుల నాణేలు, యౌధేయులనే పాత గణం నాణేలు ఉన్నాయి. ఐదోది మధ్యయుగం, అందులో ఢిల్లీ సుల్తాను బాల్బన్ నాణెం దొరికింది.

ఇక రెండో కాలం. దీని గుర్తు చిత్రిత బూడిదరంగు పాత్ర. 1940 నుంచి 1944 దాకా అహిచ్ఛత్రలో, అంటే పాంచాల రాజధానిగా చెప్పే చోట, తవ్వినప్పుడు ఈ రకాన్ని మొదటిసారి విడిగా గుర్తుపట్టారు. మట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైన తేరిన మెత్తటి బురదను మాత్రమే తీసుకునేవారు. సారె మీద పల్చగా తీసి, ముదురు రంగుతో గీతలు, చుక్కలు, సుడులు, స్వస్తికలు గీసేవారు. ఆవంలోకి గాలి చొరబడకుండా మూసి కాల్చేవారు. గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడి కుండ ఎర్రగా వస్తుంది. గాలి ఆడకపోతే బూడిదరంగు తిరుగుతుంది. ఆవం అంతటా ఒకే బూడిదరంగు రప్పించడం నేర్పుగల పని. చిన్న పగులు గుండా గాలి దూరినా ఎర్ర మచ్చలు పడతాయి. చేసేవి ముఖ్యంగా పళ్లేలు, గిన్నెలు. అంటే భోజనం వడ్డించుకునే సామాను. వంటకుండలు మామూలు రకానివే. చాలా చోట్ల మొత్తం పెంకుల్లో ఇవి 3 నుంచి 10 శాతమే ఉంటాయి. ఇది ఆ కాలపు మంచి కంచం అన్నమాట.

ఆ కంచంలో తిన్నవాళ్ల ఇళ్లు ఎలా ఉన్నాయి? రెల్లు తడికలకు మట్టి మెత్తిన గోడలు, మట్టి ఇటుకలు. గోడ మట్టి మీద రెల్లు అచ్చు ఇప్పటికీ ఉంది. మాడిన వరి గింజలు, ఆవు, గేదె, గొర్రె, పంది ఎముకలు, గుర్రం ఎముకలు దొరికాయి. రాగి వస్తువులు, గాజు గాజులు ఉన్నాయి. చివరి పొరల్లో ఇనుము కరిగించిన చిట్టెం కనబడింది. రాజభవనం లేదు, కోటగోడ లేదు.

ఇది వినగానే కొందరికి నిరాశ, కొందరికి కోపం. రెండూ అక్కర్లేదు. లాల్ తవ్వింది నిలువు తవ్వకం. కిందికి ఎన్ని కాలాలున్నాయో తెలుసుకోవడానికి సన్నగా, లోతుగా కోసిన గుంతలు. బావిలోంచి చూసి ఊరి పటం గీయలేం. పెద్ద ఇల్లు గుంతకు పది గజాల అవతల ఉన్నా మనకు తెలియదు. రెండో సంగతి, దిబ్బలో నది వైపు భాగం కొట్టుకుపోయింది. మూడోది, కొయ్యతో కట్టిన పెద్ద కట్టడం ఆ తేమ నేలలో మిగలదు, గుంజ పాతిన గుంటల నల్లటి మరకలే మిగులుతాయి. ఇవన్నీ నిజమే. అయినా ఇవి భవనం ఉండేదనడానికి సాక్ష్యం కావు. ఉండి ఉండొచ్చు అనేంతవరకే పనికొస్తాయి. ఈ తేడా చెరిపేసిన రోజు తవ్వకం ఎందుకు, పురాణం చెప్పుకుంటే చాలు.

ఇప్పుడు వరద. బలరాముడి కథలో గంగ వైపు వాలిన ఊరిని గుర్తు తెచ్చుకోండి. దిబ్బకు నది వైపు అంచున గుంతలో ఒక వింత కనిపించింది. రెండో కాలం పొరలు చదునుగా వస్తూ వస్తూ ఒక చోట కోసినట్టు తెగిపోయాయి. ఆ కోత మీద బంకమన్ను పేరుకుంది. దాని మీదుగా మూడో కాలం పొరలు వచ్చాయి. అంటే రెండో కాలం ఊరు ఉన్నాక, మూడో కాలం ఊరు రాకముందు, నీళ్లు దిబ్బను కోశాయి. లాల్ అక్కడితో ఆగలేదు. నది పాత గర్భంలో బోర్లు వేయించారు. లోతున ఊరి మట్టి ముద్దలు తగిలాయి, దిబ్బ నుంచి కొట్టుకొచ్చినవి. ఒక సాక్ష్యం గుంత గోడలో, ఇంకోటి నది అడుగున. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. నాకు ఈ తవ్వకంలో అన్నిటికంటే గౌరవం కలిగేది ఈ బోర్ల దగ్గర. తను అనుకున్నది నిజమా కాదా అని ఇంకో దారిలో వెళ్లి పరీక్షించుకున్నారు.

వరద మన్నును ఎలా గుర్తుపట్టాలి? కూలిన మట్టిగోడ కూడా మన్నే, చెరువు పూడిక కూడా మన్నే. వరద మన్ను పలుచని రేకులు రేకులుగా పేరుకుంటుంది, అందులో పెంకులు అరుదు, గంగ ఇసుకలోని అభ్రకం తళుకు ఉంటుంది. కూలిన గోడ మన్నులో ఊక, పెంకు ముక్కలు కలగలిసి ఉంటాయి, రేకులు ఉండవు. ఇప్పుడైతే మట్టి దిమ్మను అలాగే కోసి, రెసిన్ పట్టించి, గాజుపలక మీద పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు.

పురాణాల్లో పాండవుల తర్వాతి రాజుల వరుస ఉంది. పరీక్షిత్తు, జనమేజయుడు, శతానీకుడు, అశ్వమేధదత్తుడు, అధిసీమకృష్ణుడు, ఆ తర్వాత నిచక్షువు. గంగ హస్తినను హరించగా నిచక్షువు ఆ నగరం వదిలి కౌశాంబిలో ఉంటాడని చెప్పారు. గుంతలో కోత కనపడింది, శ్లోకంలో వరద ఉంది. లాల్ ఈ రెంటినీ కలిపారు. యమున ఒడ్డున కౌశాంబిలోనూ తవ్వకాలు జరిగాయి, అక్కడి తొలి పొరల్లో బూడిదరంగు పాత్రలు కనిపించడం ఆయన వాదానికి ఇంకో ఆసరా. మహాభారతంలో పేరున్న చోట్లు, హస్తినాపురం, అహిచ్ఛత్ర, కురుక్షేత్రం, మథుర, పానిపట్టు, బాగ్‌పత్, వీటన్నిటిలోనూ అడుగు పొరల్లో ఇదే పాత్ర ఉందని కూడా చూపించారు.

ఇందులో నేల చెప్పిందెంత, మనం కలిపిందెంత? నీళ్లు దిబ్బను కోశాయి, ఇది నేల చెప్పింది. రెండో కాలం తర్వాత, మూడో కాలానికి ముందు, ఇది కూడా నేల చెప్పింది. ఆ వరదే నిచక్షువు నాటి వరద అనేది మనం కలిపింది. గంగ ఒక్కసారే పొంగలేదు. బూడిదరంగు పాత్రలు ఇతిహాసంలో పేరే లేని ఊళ్లలో కూడా వందల చోట్ల దొరికాయి. కాబట్టి ఆ పాత్ర పాండవుల గుర్తు కాదు, గంగా యమునల ఎగువ మైదానంలో ఒక కాలపు గుర్తు. లాల్ కలిపిన తీరు సమంజసంగా ఉంది, నాకు నచ్చింది కూడా. కానీ సమంజసం వేరు, రుజువు వేరు. నేల వరుస చెబుతుంది, పేరు చెప్పదు. చెక్కిన శాసనమో, పేరున్న ముద్రికో దొరికితే తప్ప పేరు తెలియదు, ఈ పొరల్లో అలాంటి రాత ఒక్కటీ దొరకలేదు.

తేదీల దగ్గరికి వద్దాం. రెండో కాలాన్ని లాల్ క్రీ.పూ. 1100 నుంచి 800 అన్నారు. బొగ్గు, గింజల్లాంటి వాటిలో మిగిలిన కార్బన్‌ను కొలిచి వయసు చెప్పే రేడియోకార్బన్ పద్ధతి అప్పటికి కొత్తది, మన దేశంలో ప్రయోగశాలే లేదు. ఆయన పైనుంచి కిందికి లెక్క కట్టారు. నాణేలను బట్టి నాలుగో కాలం, నల్ల పాత్రలను బట్టి మూడో కాలం క్రీ.పూ. 6వ శతాబ్దం తొలినాళ్లలో మొదలు, నడుమ ఊరు పాడుబడ్డ కాలం కొంత, దాని కింద పొరల మందాన్ని బట్టి ఇంకొంత. ఇంకో దారి రాజుల వరుస. బుద్ధుడి కాలపు ఉదయనుడు కౌశాంబి రాజు, అతని నుంచి వెనక్కి తరాలు లెక్కపెట్టడం. ఇందులో చిక్కు చూడండి. 20 తరాలను ఒక్కో రాజుకు 14 ఏళ్ల చొప్పున లెక్కిస్తే 280 ఏళ్లు. 18 ఏళ్లంటే 360. తరానికి 25 అంటే 500. సగటు ఎంత పెట్టుకున్నామన్న దాన్ని బట్టి కురుక్షేత్ర యుద్ధం రెండు వందల ఏళ్లు అటూ ఇటూ జరుగుతుంది. పైగా పేర్ల పట్టికలో అన్నదమ్ములు వరుసగా ఏలి ఉంటే లెక్క ఇంకా మారుతుంది.

సరే, ఇప్పుడు రేడియోకార్బన్ ఉంది కదా అంటారు. ఉంది. కానీ దానికీ జాగ్రత్తలున్నాయి. బొగ్గు ముక్క చెట్టు పెరిగిన కాలాన్ని చెబుతుంది, పొయ్యిలో పెట్టిన కాలాన్ని కాదు. పాత ఇంటి దూలం తీసి కొత్త ఇంటికి వాడి, చివరికి కట్టెల కింద కాలిస్తే తేదీ వందేళ్లు, రెండు వందల ఏళ్లు వెనక్కి పోతుంది. అందుకే ఇప్పుడు ఒకే ఏడు పండిన గింజను పంపుతారు. వరి గింజ, యవ గింజ. వాటిని దొరకబుచ్చుకోవడానికి ఒక్కో పొర నుంచి మట్టిని లీటర్ల లెక్కన కొలిచి తొట్టిలో నీళ్లలో కలుపుతారు. మాడిన గింజ తేలుతుంది, సన్నటి జల్లెడలో పట్టుకుంటారు. నీడన ఆరాక అల్యూమినియం రేకులో చుడతారు. దూది, కాగితం లోపల పెట్టకూడదు, వాటిలోనూ కార్బన్ ఉంటుంది. చీటీ బయటే కట్టాలి.

ఇంత చేసినా మనం వెతికే కాలానికి ఒక శాపం ఉంది. గాలిలో రేడియోకార్బన్ మోతాదు అన్ని కాలాల్లో ఒకేలా లేదు. దాన్ని సరిచేసే వక్రరేఖ క్రీ.పూ. 800 నుంచి 400 దాకా దాదాపు చదునుగా ఉంటుంది. ఈ మధ్యలో ఏ ఏడు పండిన గింజైనా ఇంచుమించు ఒకే వయసు చూపిస్తుంది. ప్రయోగశాల 2450 ఏళ్లు, 30 అటూ ఇటూ అని పంపితే, సరిచేశాక అది సుమారు క్రీ.పూ. 750 నుంచి 410 దాకా ఎక్కడైనా కావొచ్చు. బూడిదరంగు పాత్రల చివరి రోజులు, నల్ల మెరుపు పాత్రల మొదటి రోజులు, నిచక్షువు వరద తర్వాతి కాలం, అన్నీ ఈ చదును మీదే పడతాయి. దీనికి మందు ఒకటే. ఒకదాని మీద ఒకటిగా ఉన్న పొరల నుంచి పది, పదిహేను గింజలు తీసి, కిందిది పైదానికంటే పాతది అన్న వరుసను గణితంలో కలిపి లెక్కకట్టాలి. వరుస తెలియకపోతే ఆ గణితం చేసేది ఏమీ లేదు. మళ్లీ గట్టు దగ్గరికే వచ్చాం చూశారా.

ఇతిహాసం కూడా దిబ్బ లాంటిదే. ఆదిపర్వం తనే చెబుతుంది, ఉపాఖ్యానాలు లేని భారతం 24,000 శ్లోకాలని, మొత్తం లక్ష అని. పుణెలో భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966 దాకా సంశోధిత ప్రతి తయారు చేసింది. 1,259 చేతిరాత ప్రతులను చూశారు. వాటిలో తెలుగు లిపి తాళపత్రాలు కూడా ఉన్నాయి, దక్షిణాది పాఠానికి అవి ఒక శాఖ. పండితులు చేసింది పొరలు విడదీయడమే. మయసభ వర్ణన ఏ పొరది, ఊరి పేరు ఏ పొరది అని అడగకుండా పద్యం పట్టుకుని గుంత తవ్వితే, గుప్తుల కాలపు కవి చూసిన భవనాన్ని వెయ్యేళ్ల వెనకటి మట్టిలో వెతుకుతాం.

అలా వెతికితే ఏమవుతుందో ట్రాయ్‌లో చూశారు. గ్రీకు కవి హోమర్ ఇతిహాసంలోని యుద్ధ నగరం అది. టర్కీలోని హిసార్లిక్ దిబ్బే హోమర్ ట్రాయ్ అని ఫ్రాంక్ కల్వర్ట్ అనే ఆయన ముందే అనుకుని కొంత తవ్వాడు. హైన్రిష్ ష్లీమన్ 1871 నుంచి 1873 దాకా దిబ్బకు అడ్డంగా పెద్ద కందకం కొట్టించాడు. హోమర్ నగరం అన్నిటికంటే అడుగున ఉంటుందని నమ్మి పై పొరలను మోసి పారబోయించాడు. 1873లో దొరికిన బంగారాన్ని ట్రాయ్ రాజు ప్రియాం నిధి అన్నాడు. అది అడుగు నుంచి లెక్కపెడితే రెండో నగరానిది, యుద్ధం జరిగిందనుకునే కాలానికి వెయ్యేళ్లకు పైగా ముందుది. ఆ కథకు సరిపడే కాలపు ఆరో, ఏడో నగరాలు తర్వాత డోర్ప్‌ఫెల్డ్, బ్లెగెన్ తవ్వకాల్లో తేలాయి. అప్పటికి దిబ్బ నడిమి భాగంలో వాటి పొరలు ష్లీమన్ తట్టల్లో వెళ్లిపోయాయి. ఆ దిబ్బ ఇంకోసారి పుట్టదు. ఇది తలుచుకుంటే బాధేస్తుంది.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

ప్రశ్న: ద్వారక సముద్రంలో దొరికిందని చదివాం. అది నిజమేనా అండీ?

ద్వారక దగ్గర సముద్రం అడుగున రాతి దిమ్మలు, లంగరు రాళ్లు ఉన్నాయి, అది నిజం. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తరఫున ఎస్.ఆర్.రావు 1980లలో వెతికించారు. బేట్ ద్వారకలో మూడు తలల జంతువు ఉన్న శంఖపు ముద్రిక దొరికింది, అక్కడి పెంకులకు ఉష్ణదీప్తి పద్ధతిలో, అంటే కాల్చిన మట్టిని మళ్లీ వేడిచేసి వెలువడే వెలుగును కొలిచి చూస్తే, సుమారు 3500 ఏళ్ల వయసు వచ్చింది. దాన్నిబట్టి ఆయన ఇది కృష్ణుడి ద్వారక అన్నారు. చిక్కెక్కడంటే, ముద్రికా పెంకులూ బేట్ ద్వారకవి, రాతి దిమ్మలు ద్వారక ఎదుట సముద్రంలోవి. రెండూ వేర్వేరు చోట్లు, నడుమ దాదాపు 30 కిలోమీటర్లు. రాతికి రేడియోకార్బన్ తేదీ రాదు. సముద్రం అడుగున దిబ్బ మీదలా పొరలు నిలవవు, ప్రతి తుపానూ కలిపేస్తుంది. లంగరు రాళ్లను వాటి తీరును బట్టి చూస్తే వాటిలో చాలా భాగం చారిత్రక, మధ్యయుగాల ఓడలవని తర్వాత అదే సంస్థలోని పరిశోధకులు రాశారు. కాబట్టి అక్కడ పాత రేవు ఉంది. అది ఏనాటి రేవన్న విషయం ఇంకా పని అడుగుతుంది.

ఖంభాత్ సింధుశాఖ సంగతి ఇంకా వేరు. 2001లో సోనార్ చిత్రాల్లో, అంటే శబ్ద తరంగాలతో సముద్రం అడుగును తీసిన చిత్రాల్లో, గళ్లు గళ్లుగా కనపడ్డాయని, అడుగు నుంచి తోడిన కొయ్యముక్కకు సుమారు 9500 ఏళ్లని నగరం అన్నారు. తోడిన ముక్క ఏ పొరదో ఎవరూ చూడలేదు. కొయ్య అంత పాతదే కావొచ్చు, నదిలో కొట్టుకొచ్చిన మాను కూడా అంత పాతదే అవుతుంది. ఆ సింధుశాఖలో ఆటుపోట్ల ఉధృతి దేశంలోకెల్లా ఎక్కువ, అడుగున ఏదీ కదలకుండా ఉండదు.

ప్రశ్న: ఇంద్రప్రస్థం ఢిల్లీ పురానా ఖిల్లా కిందే ఉందంటారు కదా?

ఆ కోట లోపల 1913 దాకా ఇందర్‌పత్ అనే ఊరే ఉండేది, పేరు బలమైన ఆనవాలు. 1954 నుంచి చాలాసార్లు తవ్వారు, 2023లో కూడా తవ్వారు. కనీసం మౌర్యుల కాలం నుంచి వరుసగా పొరలు ఉన్నాయి. బూడిదరంగు పెంకులు దొరికాయి, కానీ తర్వాతి కాలపు పొరల్లో కలిసిపోయి దొరికాయి. ఆ పాత్రల కాలపు ఇల్లు, గచ్చు, పొయ్యి ఉన్న పొర వాటి చోట వాటికి కనిపిస్తే అప్పుడు మాట్లాడొచ్చు. చుట్టుపక్కల ఎక్కడో ఆ కాలపు మనుషులు ఉండేవాళ్లు, అంతవరకూ అనుమానం లేదు.

ప్రశ్న: మా ఊరి పాటిదిబ్బలో కూడా పూసలు, పెంకులు వస్తుంటాయి. మేమేం చెయ్యాలి?

తవ్వకండి. ముందు అది. దొరికినచోట ఫోటో తియ్యండి, పక్కన స్కేలో పెన్నో పెట్టి. ఫోన్‌లో ఆ చోటు గుర్తు వేసి పెట్టుకోండి. కోత పడిన అంచు ఉంటే గీకకుండా అలాగే ఫోటో తియ్యండి, పొరలు కనబడితే అదే ఎక్కువ విలువైనది. పెంకును తడి గుడ్డతో రుద్దకండి, రంగు పోతుంది. పూసను ఊరికే విడిగా కవర్లో వేసి, కవరు మీద తేదీ, ఎవరి పొలం, ఎంత లోతు రాయండి. నాణెమో నగో దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి, ఆ చట్టంలో హద్దు 10 రూపాయల విలువే. తెలంగాణలో వారసత్వ శాఖకు, ఆంధ్రప్రదేశ్‌లో పురావస్తు శాఖకు ఆ ఫోటోలతో ఉత్తరం రాయండి. పాటిమన్ను తోలేవాళ్లతో ముందుగానే మాట్లాడి పెట్టుకోండి. తోలేచోట ఒక మూల రెండు గజాలు అలాగే వదిలేయమనండి, నిలువునా. ఆ మూల ఉంటే తర్వాత వచ్చేవాళ్లు ఊరి వరుసంతా అందులో చదువుకోగలరు.